తప్పటడుగుల బిడ్డకు ఏ దీవి?

బెంగళూరులో కొలువులు చేసుకునే మా కణేకల్ పిల్లలు పండుగకు ఊరికి వచ్చారంటే ఈ మధ్య ఇంట్లో ఒక చర్చ తప్పడం లేదు. చంకలో ఏడాదిన్నర బిడ్డో రెండేళ్ల బిడ్డో ఉంటుంది, చేతిలోని ఫోనులో దీవుల బొమ్మలుంటాయి. అండమాన్‌కు పోదామా, మాల్దీవులకు పోదామా అని భార్యాభర్తలు తర్జనభర్జన పడుతుంటే అవ్వ ఒక్క మాటలో తేల్చేస్తుంది: "అంత పసిబిడ్డకు ఏం గుర్తుంటాది నాయనా? పెద్దయినాక పోదురులే."

అవ్వ మాటలో నిజముంది. మూడేళ్లలోపు చూసినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. అయితే అందుకే వెళ్లొద్దని నేను అనను. గుర్తుండదు కాబట్టే అక్కడ గడిపే ప్రతి రోజూ బిడ్డకు బాగుండాలి అంటాను. పెద్దవాళ్లకు ప్రయాణం రెండుసార్లు దక్కుతుంది. తిరిగినప్పుడు పడిన అవస్థ కూడా ఏడాది గడిచాక తలుచుకుని నవ్వుకునే కథ అవుతుంది. రెండేళ్ల బిడ్డకు ఆ రెండో దక్కుడు లేదు. ఎండలో ఏడ్చిన మధ్యాహ్నాన్ని తర్వాత వచ్చే జ్ఞాపకమేదీ తీర్చదు. నిద్రపట్టిన మధ్యాహ్నం, తనివితీరా నీళ్లలో ఆడిన పొద్దుటిపూట, ఆకలి వేళకు అందిన నాలుగు ముద్దలు, ఇవే ఆ బిడ్డకు దక్కే విహారం మొత్తం.

ఈ వ్యాసంలో రెండు దీవుల సమూహాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. అందం కొలత కాదు, రెండూ అందమైనవే. బిడ్డ దినచర్య కొలత. ఎంతసేపు ఒళ్లో కట్టేసినట్టు కూర్చోవాలి, ఎప్పుడు నిద్రపోతుంది, ఏ నీళ్లు తాగుతుంది, ఏ నీళ్లలో ఆడుతుంది, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, చుట్టూ ఏ మనుషులుంటారు. లక్షద్వీప్‌ను ఈ పోలికలోకి తేలేదు. అక్కడున్న 36 దీవుల్లో మనుషులు నివసించేవి 10, విమానం దిగేది అగత్తి ఒక్కచోటే, వెళ్లడానికి ముందస్తు అనుమతి కావాలి. చిన్నబిడ్డతో బయల్దేరే మామూలు కుటుంబానికి అది ఇంకా దూరపు మాటే.

ఇంకో కొలతను కూడా మొదట్లోనే పక్కన పెట్టాలి. 2024 జనవరిలో మన ప్రధానిపై మాల్దీవుల నాయకుల వ్యాఖ్యల మీద గొడవ లేచాక మనవాళ్లు చాలామంది జెండా చూసి దీవిని ఎంచుకున్నారు. 2023లో రెండు లక్షలకు పైగా వెళ్లి అక్కడి విదేశీ పర్యాటకుల్లో మొదటి స్థానంలో నిలిచిన భారతీయులు, మరుసటి ఏడాదికి లక్షా ముప్పై వేల దగ్గరికి తగ్గారు. పెద్దవాళ్ల అభిమానాలు పెద్దవాళ్లవి. బిడ్డకు పనికొచ్చేది ఏదో తేల్చడానికి అవి సాయపడవు.

దారి

కణేకల్ నుంచి ఏ దీవికి వెళ్లాలన్నా మొదటి మజిలీ బెంగళూరు విమానాశ్రయమే. రోడ్డు మీద అయిదారు గంటలు. బిడ్డకు అసలైన అలసట ఇక్కడే మొదలవుతుందని చాలామంది లెక్కలో వేసుకోరు. తెల్లవారుజామున విమానం ఉంటే రాత్రంతా కారులో నలగాలి. ముందురోజే వెళ్లి బంధువుల ఇంట్లో పడుకుని బయల్దేరడం, ఏ దీవికైనా, మొదటి మంచి నిర్ణయం.

అక్కడినుంచి దారులు వేరవుతాయి. బెంగళూరు నుంచి మాల్దీవుల రాజధాని మాలేకు సుమారు రెండు గంటలు, శ్రీవిజయపురానికి రెండున్నర గంటల పైన. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరే ఈ శ్రీవిజయపురం. పరదేశం దగ్గరగానూ స్వదేశం దూరంగానూ ఉండటం మొదటి వింత. కాగితాల లెక్క దీనికి తిరగబడుతుంది. అండమాన్‌కు బిడ్డ పుట్టినతేదీ పత్రం చాలు. మాల్దీవులకు బిడ్డ పేరున విడిగా పాస్‌పోర్టు ఉండాలి, ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలు నింపాలి. వీసా మాత్రం దిగాకే ఉచితంగా ఇస్తారు. రెండేళ్లు నిండని బిడ్డకు విమానంలో విడిగా సీటు ఉండదు, అమ్మ ఒడే సీటు. రెండో పుట్టినరోజు దాటితే టికెట్టు కొనాలి. అందుకని చాలామంది ఆ తేదీకి ముందే హడావిడిగా బయల్దేరతారు. డబ్బు కలిసొస్తుంది కానీ, బరువెక్కిన బిడ్డను అన్ని గంటలు ఒళ్లో కుదురుగా ఉంచడం తేలిక కాదు.

విమానం దిగాక తేడా పెద్దదవుతుంది. శ్రీవిజయపురంలో దిగితే విహారం అప్పుడే మొదలు కాదు. కారులో రేవుకు వెళ్లి, వరుసలో నిలబడి, పడవెక్కి, వేగంగా పోయే పడవైతే గంటన్నర ప్రయాణించి స్వరాజ్ ద్వీప్ చేరాలి. 2018 డిసెంబరులో ఈ పేరు వచ్చేదాకా అది హావ్‌లాక్. అప్పుడే నీల్ ద్వీపం షహీద్ ద్వీప్ అయింది. విమానం వేళకూ పడవ వేళకూ పొత్తు కుదరకపోతే ఒక రాత్రి శ్రీవిజయపురంలోనే. మాల్దీవుల్లో విమానాశ్రయమే ఒక దీవి. బయటికి అడుగుపెడితే ఎదురుగా రేవు. దగ్గరి దీవులకు స్పీడ్‌బోటులో అరగంటకో ముప్పావుగంటకో చేరిపోతారు. దూరపు దీవులకు సీప్లేన్. అది పగటిపూటే ఎగురుతుంది, లోపల మరుగుదొడ్డి ఉండదు, ఇంజన్ల హోరు పసిచెవులు తట్టుకునేంత కాదు. తప్పటడుగుల బిడ్డ ఉంటే స్పీడ్‌బోటు అందుకునే దీవినే ఎంచుకోవాలి.

పడవ అనగానే బిడ్డకు వాంతులవుతాయేమోనని భయపడతారు. రెండేళ్లలోపు బిడ్డలకు సాధారణంగా ఆ బాధ ఉండదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకే ఎక్కువ. కుదుపుకు కళ్లు తిరిగేది బిడ్డను ఎత్తుకున్న అమ్మకు. అందుకే పడవలో బిడ్డను ఎవరు పట్టుకోవాలో ఎక్కకముందే తేల్చుకోవాలి. దారి విషయంలో మాల్దీవులది స్పష్టంగా పైచేయి.

పొద్దు

పర్యాటక సంస్థలు ఎక్కడా చెప్పని తేడా ఒకటుంది. తప్పటడుగుల బిడ్డకు అదే అన్నిటికంటే పెద్దదని నా అభిప్రాయం. భారతదేశమంతా ఒకే గడియారం, సూర్యుడు మాత్రం ఒకే వేళకు రాడు. కణేకల్ దాదాపు 77 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, శ్రీవిజయపురం దాదాపు 93 మీద ఉంది. జనవరిలో మా ఊళ్లో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది, అక్కడ ఆరు కాకముందే. సాయంత్రం అయిదుంబావు ప్రాంతానికి అక్కడ పొద్దు గుంకుతుంది. చేతి గడియారం మారదు, బిడ్డ ఒంట్లో గడియారం మాత్రం గంట పక్కకు జరుగుతుంది.

మాలేలో గడియారం అరగంట వెనక్కి తిప్పాలి. కానీ మాలే 73 డిగ్రీల మీద, కణేకల్‌కు కాస్త పడమరగా ఉంది. మన గడియారంతో చూస్తే జనవరిలో అక్కడ పొద్దు పొడిచే వేళకూ మా ఊళ్లో పొడిచే వేళకూ తేడా కొద్ది నిమిషాలే. బిడ్డ ఇంట్లో లేచినట్టే లేస్తుంది, ఇంట్లో పడుకున్నట్టే పడుకుంటుంది.

అలాగని అండమాన్ పొద్దును లోపంగా లెక్కవేయనవసరం లేదు. ఆ గంటను వాడుకోవచ్చు. వెలుగు రాగానే బిడ్డ లేస్తుంది. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇసుక చల్లగా ఉంటుంది, ఎండ ఒంటిని కాల్చదు, తీరంలో జనం ఉండరు. చిన్నబిడ్డకు సముద్రం చూపించడానికి ఇంతకంటే మంచి వేళ లేదు. తొమ్మిదికల్లా నీడకు చేరి, పదకొండుకు అన్నం తినిపించి, పడుకోబెట్టి, నాలుగుకు మళ్లీ గంటసేపు నీళ్ల దగ్గరికి తీసుకెళ్తే రోజు చక్కగా నడుస్తుంది. చిక్కంతా పెద్దవాళ్ల అలవాట్లతోనే. తొమ్మిదికి టిఫిను, పదకొండుకు బీచి, రాత్రి తొమ్మిదికి భోజనం అని బెంగళూరు వేళలను అక్కడికి మోసుకెళ్తే, బిడ్డ రోజంతా చిరాకు పడుతూనే ఉంటుంది.

ఈ విషయంలో అండమాన్ ప్యాకేజీలను గట్టిగా తప్పుపట్టాలి. అయిదారు రోజుల్లో శ్రీవిజయపురం, స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ చుట్టి, పైగా బారాటాంగ్ సున్నపురాయి గుహలు కూడా కలుపుతారు. బారాటాంగ్‌కు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయల్దేరి చెక్‌పోస్టు దగ్గర వాహనాల వరుసలో చేరాలి. ఆ రోడ్డు జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. అక్కడ ఆగడం, ఫోటోలు తీయడం చట్టప్రకారం నేరం. మనుషులను వింతగా చూడాలనే ఆశతో ఆ రోడ్డెక్కడం పెద్దవాళ్లకే తగదు. అందుకోసం పసిబిడ్డను నడిరాత్రి నిద్రలేపడం ఏ విధంగానూ సమర్థించలేనిది. మాల్దీవులకు వెళ్లినవాళ్లు సాధారణంగా ఒక్క దీవిలోనే ఉంటారు. చూడవలసిన చోట్ల జాబితా ఉండదు. పెద్దవాళ్లకు అది విసుగనిపించవచ్చు. రెండేళ్ల బిడ్డకు కావలసింది మాత్రం అదే: నిన్న ఆడిన చోటే ఇవాళ ఆడటం, నిన్న పడుకున్న చోటే ఇవాళ పడుకోవడం.

ఇసుక, నీళ్లు

కణేకల్ బిడ్డకు ఇసుక కొత్తది కాదు. మా పక్కనుంచి పోయే వేదవతిని మేం హగరి అంటాం. ఎండిన ఆ ఏటి ఇసుకను గాలికాలం ఎత్తి పొలాల మీద పోస్తుంది. కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక దిబ్బలు పైరు నేలను మింగుతూ వచ్చాయి. మా పిల్లలకు ఇసుక అంటే మధ్యాహ్నం అరికాలు మోపలేనిది, కళ్లలో పడి మంట పుట్టించేది.

మాల్దీవుల ఇసుక పుట్టుకే వేరు. చాలావరకు అది పగడాల పొడి. చిలుక చేపలు పగడపు దిబ్బలను కొరికి, నమిలి, జీర్ణం కానిదాన్ని తెల్లటి ఇసుకగా విసర్జిస్తాయి. ఆ తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి మా హగరి ఇసుక అంత వేడెక్కదు. కాలు కాలకుండా బిడ్డ చాలాసేపు ఆడుకోవచ్చు. అదే తెలుపు ఎండను ముఖం మీదికి కూడా విసురుతుంది. గొడుగు నీడలో కూర్చోబెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటే, కింది నుంచి తగిలిన ఎండకే చర్మం ఎర్రబడుతుంది. మాల్దీవులు భూమధ్యరేఖను ఆనుకునే ఉన్నాయి. అక్కడి ఎండకు మా ఊరి ఎండలో పెరిగిన ఒళ్లు కూడా చాలదు. పొడుగు చేతుల పలుచటి చొక్కా, అంచులున్న టోపీ, పదికి ముందూ నాలుగు తర్వాతే ఆట అన్నది రెండు చోట్లకూ వర్తించే నియమం.

నీటి విషయంలో రెండిటి స్వభావం వేరు. మాల్దీవుల దీవులను చుట్టూ పగడపు దిబ్బ గోడలా కాస్తుంది, లోపలి నీళ్లు చాలాచోట్ల అలలు లేకుండా మోకాలి లోతులో నిలకడగా ఉంటాయి. ఆటుపోట్ల తేడా మీటరు లోపే. అండమాన్‌లో ఆ తేడా సుమారు రెండు మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున బిడ్డ ఆడుకున్న చోట మధ్యాహ్నానికి నీళ్లు వెనక్కి పోయి వాడి పగడపు రాళ్లు తేలవచ్చు, సాయంత్రానికి అక్కడే నడుంలోతు నీళ్లు రావచ్చు. తీరానికి వెళ్లేముందు పోటు వేళలు అడిగి తెలుసుకోవాలి. పేరున్న రాధానగర్ తీరం విశాలమైనది, 2020లో శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. అయితే అది అలలున్న బహిరంగ సముద్రం. బిడ్డకు అక్కడ ఇసుక ఆట చాలు. నీళ్లలో ఆడించడానికి షహీద్ ద్వీప్‌లోని భరత్‌పూర్ తీరపు లోతులేని నీళ్లు మేలు. అండమాన్ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో స్వరాజ్ ద్వీప్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి నోట పడి చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, మడ అడవి వాగు సముద్రంలో కలిసే చోట దిగకూడదు. స్థానికుల మాట వినాలి.

మాల్దీవుల్లోనూ ప్రమాదం ఉంది. ఫోటోల్లో అందరినీ ఆకట్టుకునేది నీటిమీద కట్టిన చెక్క ఇల్లు. తలుపు తీస్తే వరండా, వరండా దాటితే నేరుగా సముద్రం. నడక నేర్చిన బిడ్డకు అంతకంటే పనికిరాని ఇల్లు ఉండదు. కొన్ని రిసార్టులు చిన్నపిల్లలున్న వాళ్లకు వాటిని ఇవ్వనే ఇవ్వవు. ఇసుక మీద కట్టిన గది తీసుకోవాలి. ఒకటి నుంచి నాలుగేళ్ల బిడ్డల ప్రాణాలు తీసే ప్రధాన కారణాల్లో నీట మునగడం ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. మునిగే బిడ్డ అరవదు, చేతులు కొట్టుకోదు. అరచేయంత లోతులోనూ నిశ్శబ్దంగా మునిగిపోతుంది. గాలి నింపిన బొమ్మలు, చేతి తొడుగులు రక్షణ కావు. చేయి చాస్తే అందేంత దగ్గర ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. "కాలవ దిక్కు పోవద్దురా" అని తుంగభద్ర ఎగువ కాలువను చూపించి పిల్లలను అదిలించే ఊరు మాది. కాలువ గట్టున చూపే జాగ్రత్త దీవిలోనూ చూపాలి.

తాగే నీళ్లు

మా అనంతపురం జిల్లాలో ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అండమాన్‌లో 3,000 దాకా. మాకు జూన్‌లో వచ్చే నైరుతి మే నెలలో మొదట అడుగుపెట్టేది అండమాన్ సముద్రం మీదే. మాల్దీవులనూ అదే తడుపుతుంది. పడమటి కనుమలు దాటి మా పీఠభూమికి చేరేసరికి ఆ గాలిలో చెమ్మ అయిపోతుంది. ఆ దీవులను ముంచెత్తేదీ మమ్మల్ని ఎండబెట్టేదీ ఒకే గాలి. వేసవి సెలవులని మే నెలలో బయల్దేరితే వానలోకే వెళ్తామన్న సంగతి కూడా ఇందులోనే ఉంది. రెండు చోట్లకూ జనవరి నుంచి మార్చి దాకా మేలైన కాలం.

అంత వాన పడే శ్రీవిజయపురంలో వేసవి వచ్చిందంటే నీళ్ల కటకట. ఊరికి ప్రధాన ఆధారం ధనీఖరీ ఆనకట్ట. ఎండాకాలంలో అందులో మట్టం పడిపోతే కొళాయి నీళ్లు రోజులు లెక్కపెట్టి వదులుతారు. నిటారు కొండలు, చుట్టూ సముద్రం, పెరిగిన జనం. పడిన వాన నిలవకుండా కడలిలో కలుస్తుంది. మాల్దీవుల్లో నదులే లేవు. 1,192 దీవుల నేలంతా కలిపినా 300 చదరపు కిలోమీటర్లు దాటదు. ఇసుక కింద పలుచటి మంచినీటి పొర ఉప్పునీటి మీద తేలుతుంటుంది. తోడేకొద్దీ ఉప్పు పైకి వస్తుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లావాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మాలే నగరం సముద్రపు నీటి ఉప్పు తీసి తాగుతుంది. 2014 డిసెంబరులో ఆ కర్మాగారంలో మంటలు లేచి నగరమంతా గొంతెండిపోతే భారత్ విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది. పొరుగు రాష్ట్రపు ఆనకట్ట నుంచి కాలువ మీద వచ్చే నీటికి ఎదురుచూసే మా ఊరికి ఆ నగరపు దాహం అర్థమవుతుంది.

బిడ్డకు తాగించే నీటి విషయంలో ఆచరణ ఇది. మాల్దీవుల రిసార్టు నీళ్లు ఉప్పు తీసి శుద్ధి చేసినవి, సాధారణంగా నమ్మదగ్గవి. అండమాన్‌లో కాచి చల్లార్చిన నీళ్లో, మూత బిగించిన సీసా నీళ్లో ఇవ్వాలి. రెండు చోట్లా ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో ఉండాలి. పెద్దవాళ్లు రెండు చోట్లా నీటిని పొదుపుగా వాడాలి. బక్కెట నీళ్లతో స్నానం ముగించే మా అలవాటు అక్కడ మర్యాద అవుతుంది.

అన్నం, జ్వరం

తప్పటడుగుల బిడ్డ కొత్త రుచులకు తేలిగ్గా లొంగదు. మా ఇళ్లలో ఆ వయసుకు పెట్టేవి నెయ్యి వేసిన పప్పన్నం, మెత్తటి రాగి సంగటి, పెరుగన్నం, ఇడ్లీ. అండమాన్‌లో ఇవన్నీ దాదాపు ఇంట్లో ఉన్నట్టే దొరుకుతాయి. రాగిపిండి ఒక్కటి తీసుకెళ్తే చాలు. షహీద్ ద్వీప్ తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు కూరగాయలు పండించే దీవి. కూర, పప్పు, అన్నం తాజాగా ఉంటాయి, వంటవాణ్ని కారం లేకుండా వండమని అడగొచ్చు. మాల్దీవుల్లో బియ్యం నుంచి పాల దాకా చాలావరకు ఓడల మీద రావలసిందే. రిసార్టు భోజనశాలలో అన్నం, పండ్లు, పెరుగు ఉంటాయి. అడిగితే బిడ్డకు విడిగా మెత్తగా వండి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అయితే ఆ తిండికి ధర కూడా సముద్రం దాటి వచ్చిన ధరే. బస ఖర్చుకు తోడు 2025 నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల హరిత పన్ను. రెండేళ్లలోపు బిడ్డకు ఆ పన్ను లేదు.

దోమల విషయంలో మాల్దీవులకు ఒక ఘనత ఉంది. 2015లో ఆ దేశాన్ని మలేరియా లేనిదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. డెంగీ మాత్రం రెండు చోట్లా ఉంది. అండమాన్ తీరాల్లో ఇసుక ఈగలు కుడితే బిడ్డ ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. సంధ్యవేళ తీరంలో కూర్చోబెట్టకూడదు, ఒళ్లు కప్పే బట్టలు వేయాలి.

జ్వరం వస్తే ఏమిటన్నది అసలు పరీక్ష. స్వరాజ్ ద్వీప్‌లో, షహీద్ ద్వీప్‌లో ప్రాథమిక వైద్యం దొరుకుతుంది. అంతకు మించితే శ్రీవిజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రి, మధ్యలో సముద్రం. మాల్దీవుల రిసార్టుల్లో చాలావాటికి డాక్టరు ఉంటాడు. పెద్ద వైద్యానికి మాలేలో భారత్ సాయంతో వచ్చిన ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి ఉంది, దానికీ పడవే దారి. పిల్లల డాక్టరు కోసం రాత్రిపూట రాయదుర్గానికో బళ్లారికో పరుగెత్తే మా ఊరివాళ్లకు దూరం కొత్త కాదు. కానీ రోడ్డు మీద ఏ వేళకైనా ఒక బండి దొరుకుతుంది, సముద్రం మీద రాత్రి పడవ దొరకదు. బిడ్డ బరువును బట్టి జ్వరం మందు ఎంత వేయాలో డాక్టరుతో రాయించుకుని, ఆ మందులు వెంట తీసుకుపోవాలి. ఈ అంశంలో రెండూ సమానమే.

మనుషులు

మాల్దీవుల పర్యాటకం 1972లో మొదలైంది. ఒక దీవికి ఒక రిసార్టు అన్నది దాని మూలసూత్రం. అతిథులుండే దీవిలో ఊరు ఉండదు, బడి ఉండదు, అక్కడి పిల్లలు ఉండరు. పనివాళ్లు చాలా ఆదరంగా చూస్తారు. వాళ్లలో ఎందరో తమ బిడ్డలను వేరే దీవిలోనో వేరే దేశంలోనో వదిలి వచ్చినవాళ్లు. మన బిడ్డ అక్కడ అపురూపమైన అతిథి, అయినా ఆటకు తోడు లేని అతిథి. 2009 తర్వాత ఊళ్లున్న దీవుల్లోనూ అతిథి గృహాలకు అనుమతి ఇచ్చారు. మాఫుషి వంటి దీవుల్లో ఇప్పుడు మనుషుల మధ్య ఉండొచ్చు, ఖర్చూ బాగా తక్కువ. ఒంటినిండా బట్ట కట్టుకునే మన ఆడవాళ్లకు ఆ ఊళ్ల కట్టుబాట్లతో ఇబ్బందీ ఉండదు.

అండమాన్ మొదటినుంచీ మనుషుల దీవి. సెల్యులార్ జైలు 1906లో పూర్తయింది. ఖైదీలు, కాందిశీకులు, కూలీలు, చేపలవాళ్లు వచ్చి కట్టుకున్న ఊళ్లు అవి. 2011 జనగణనలో అక్కడ తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు నూటికి 13 మంది. ఎక్కువమంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. శ్రీవిజయపురం సంతలో, ఆటోలో, టిఫిన్ హోటల్లో తెలుగు వినిపిస్తుంది. యాస మాది కాదు, అయినా "బిడ్డకు ఎన్నో ఏడమ్మా?" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. భాష వచ్చీరాని బిడ్డకు చుట్టూ వినబడే మాటలు తెలిసినవైతే బెరుకు తగ్గుతుంది. అవ్వ వెంట వస్తే తేడా ఇంకా పెద్దది. రిసార్టు దీవిలో ఇంగ్లిషు మాట్లాడలేని అవ్వ కొడుకు మీద ఆధారపడిన అతిథిగా మిగిలిపోతుంది. అండమాన్‌లో వంటింటి తలుపు దగ్గరికి వెళ్లి బిడ్డకు వేడినీళ్లు తనే అడిగి తెచ్చుకుంటుంది. చీర ఉయ్యాలలో పడుకునే బిడ్డను కొత్త చోట నిద్రపుచ్చేది హోటలువాళ్లు వేసే ఊచల మంచం కాదు, జోకొట్టే అవ్వ చేయి.

తీర్పు

దారిలో, పొద్దులో, నీటి నిలకడలో మాల్దీవులు ముందున్నాయి. తిండిలో, మనుషుల్లో, ఖర్చులో అండమాన్ ముందుంది. వైద్యంలో సమానం. అంకెలు కూడి సమం అనేయడం విమర్శ కాదు కాబట్టి నా నిర్ణయం చెబుతాను. మాల్దీవులకున్న మేలుల్లో ఎక్కువ భాగం ఆ సముద్రానివి కావు, అక్కడ ఉండే పద్ధతివి. ఒక్క దీవి, ఒక్క గది, జాబితా లేని రోజులు. ఈ పద్ధతిని అండమాన్‌కు తీసుకుపోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. అండమాన్‌కున్న మేలులు మాత్రం అక్కడి మనుషులవి, వాటిని రిసార్టు దీవికి తీసుకుపోలేం.

కాబట్టి అవ్వాతాతలతో కలిసి వెళ్లే కణేకల్ కుటుంబానికి నేను చెప్పేది షహీద్ ద్వీప్. ఫిబ్రవరిలో వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి శ్రీవిజయపురంలో, మిగతా రోజులన్నీ ఆ ఒక్క చిన్న దీవిలో. స్వరాజ్ ద్వీప్, బారాటాంగ్, జైలులో రాత్రిపూట చూపే వెలుగు ప్రదర్శన, ఇవన్నీ బిడ్డకు ఆరేడేళ్లు వచ్చాక చూడొచ్చు, అప్పుడు గుర్తు కూడా ఉంటాయి. భార్యాభర్తలిద్దరే బిడ్డతో వెళ్తుంటే, డబ్బుకు వెనుకాడే పని లేకపోతే, స్పీడ్‌బోటు అందుకునే మాల్దీవుల దీవిలో ఇసుక మీది గది మంచిదే. ఇవన్నీ కుదరక, ఎక్కడికి వెళ్లినా అన్నీ చూసి తీరాలనుకునే వాళ్లు ఆ ఏడాదికి బిడ్డను అవ్వ దగ్గర ఉంచో, ప్రయాణం వాయిదా వేసో ఆగడం న్యాయం.

ప్యాకేజీలు అమ్మేవాళ్లను మనం అడగవలసింది ఒక్కటే: బిడ్డ మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటుంది? దానికి సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్ల దగ్గరే టికెట్టు కొనాలి.